పట్టభద్రుల ఓటు, కన్ఫ్యూషియస్ ప్రశ్న

2025 ఫిబ్రవరి 27న కంకిపాడులో పోలింగ్ జరిగింది గానీ అందరికీ ఓటు లేదు. అది శాసనమండలిలో కృష్ణా–గుంటూరు పట్టభద్రుల స్థానానికి జరిగిన ఎన్నిక. డిగ్రీ పూర్తయి మూడేళ్ళు నిండి, ఫారం 18 నింపి పేరు ఎక్కించుకున్నవాళ్ళే ఓటర్లు. ఒకే ఇంట్లో బీటెక్ చదివిన కోడలు ఓటేసి వస్తుంది, నలభై ఏళ్ళుగా వరి పండిస్తున్న మామగారు ఇంట్లోనే ఉంటారు. అసెంబ్లీ ఎన్నికల్లో ఇద్దరి ఓటుకూ ఒకే విలువ. మండలి దగ్గరికి వచ్చేసరికి చదువుకు విడిగా పీట వేశాం.

అలవాటైపోయింది కాబట్టి మనకిది వింతగా తోచదు. కానీ దీని వెనకున్న ప్రశ్న పెద్దది. పాలనలో చదువుకున్నవాడి మాటకు, గుణవంతుడి మాటకు మిగతావాళ్ళ మాటకంటే ఎక్కువ బరువు ఉండాలా? ఈ ప్రశ్న మీద చైనాలో రెండున్నర వేల ఏళ్ళుగా ఆలోచన సాగుతోంది. దానికి మూలపురుషుడు కన్ఫ్యూషియస్. కొన్నేళ్ళుగా చైనాలోనూ బయటా కొందరు పండితులు ఆయన పేరు చెప్పి, మనిషికో ఓటు అన్న పద్ధతి మంచి పాలకుల్ని తేలేదని పుస్తకాలు రాస్తున్నారు. ఇంకొందరు అదే కన్ఫ్యూషియస్‌ను చూపించి ప్రజాస్వామ్యానికి ఆయన అడ్డం కాదంటున్నారు. బందరు రోడ్డు మీద ఏ టీ కొట్టు దగ్గరైనా కాసేపు నిలబడితే చాలు, ఈ వాదన తెలుగులో వినిపిస్తుంది. "చదువుసంధ్యలు లేనోళ్ళంతా ఓట్లేస్తే ఇట్టాగే ఉంటది" అని ఒకరు, "సింగపూర్‌లో లాగా గట్టోడు ఒకడు రావాల" అని ఇంకొకరు. ఆ అన్నవాళ్ళకు కన్ఫ్యూషియస్ ఎవరో తెలియకపోవచ్చు. పక్షం మాత్రం ఆయనదే అనుకుంటారు చాలామంది పండితులు. నిజంగా ఆయనదేనా అన్నది చూద్దాం.

కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 551లో ఇప్పటి షాన్‌డాంగ్ ప్రాంతంలోని లూ రాజ్యంలో పుట్టాడు, 479లో పోయాడు. అప్పటికి చైనా చిన్న చిన్న రాజ్యాలుగా విడిపోయి ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటోంది. ఆయన యాభై దాటాక సొంత రాజ్యం వదిలి, సుమారు పద్నాలుగేళ్ళు రాజ్యం తర్వాత రాజ్యం తిరిగాడు. తన సలహా విని పాలించే రాజు ఒక్కడు దొరుకుతాడేమోనని. దొరకలేదు. తిరిగొచ్చి శిష్యులకు చదువు చెప్పుకుంటూ బతికాడు. ఆయన మాటల్ని తర్వాత శిష్యులు సంభాషణల రూపంలో ఒక పుస్తకంగా కూర్చారు.

ఆయన చెప్పిన రాజనీతిలో కేంద్రం పాలకుడి నడత. శిక్షలతో భయపెట్టి పాలిస్తే జనం తప్పించుకునే దారులు వెతుక్కుంటారు, వాళ్ళకు సిగ్గనిపించదు. పాలకుడు తాను సరిగ్గా ఉండి, మర్యాదలతో నడిపిస్తే జనం తమంతట తామే సరిగ్గా ఉంటారు. ఇదీ ఆయన నమ్మకం. మనకిది కొత్తేమీ కాదు. అంపశయ్య మీద భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన రాజధర్మం ఈ కోవదే. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాసిన రాజనీతి కూడా ఇంచుమించు ఇలాంటిదే, కాకపోతే రాయలవారిలో గూఢచారులూ కోటలూ ఎక్కువ. వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ఉపదేశం రాజుకు. పాలితులకు కాదు.

అలాగని ఆయనకు జనం పట్టరనుకోకండి. రాజ్యానికి ఏం కావాలని ఒక శిష్యుడు అడిగితే మూడు చెప్పాడు: తిండి, సైన్యం, జనానికి పాలకుల మీద నమ్మకం. మూడింట్లో ఒకటి వదులుకోవాల్సి వస్తే? సైన్యం. ఇంకొకటి కూడా వదులుకోవాల్సి వస్తే? తిండి. ప్రాణం ఎలాగూ ఏనాటికైనా పోయేదే, నమ్మకం లేకపోతే రాజ్యమే నిలవదన్నాడు. తిండిని వదులుకోమన్న ఆ సమాధానం ఆకలి తెలిసినవాడికి మింగుడుపడదు, నాకూ పడలేదు. అయినా జనం నమ్మకం మీదే అధికారం నిలబడుతుందన్న మాట, సొంత రాజ్యాలు పోగొట్టుకుంటున్న రాజుల కాలంలో అన్నాడంటే చిన్న విషయం కాదు.

ఆయన తర్వాత వందేళ్ళకు పుట్టిన మెన్షియస్ ఇంకా ముందుకు వెళ్ళాడు. రాజు, రాజ్య దేవతలు, ప్రజలు అని మూడు మెట్లు వేసి ప్రజల్ని పైమెట్టు మీద, రాజును అట్టడుగున పెట్టాడు. ఒక రాజు, పూర్వం ప్రజల్ని పీడించిన ఫలానా రాజును చంపడం రాజద్రోహం కాదా అని అడిగితే, ఆ దుర్మార్గుడు రాజనిపించుకునే అర్హత అప్పటికే పోగొట్టుకున్నాడు, చచ్చింది రాజు కాదు అని జవాబిచ్చాడు. ఈ మాటలు రాజులకు ఎంత గుచ్చుకున్నాయో చెప్పడానికి ఒక్క ఉదంతం చాలు. బీద రైతు ఇంట పుట్టి మింగ్ వంశాన్ని స్థాపించిన చక్రవర్తి ఝూ యువాన్‌ఝాంగ్, 1394లో మెన్షియస్ పుస్తకంలోంచి 85 చోట్ల భాగాలు కోయించి, ఆ కత్తిరించిన ప్రతిని బయటికి తెచ్చాడు.

ఆలోచన ఇలా ఉంటే, దాన్ని ఆచరణలో పెట్టిన యంత్రాంగం పరీక్షలు. హాన్ చక్రవర్తి వూ క్రీ.పూ. 124లో ఉద్యోగుల శిక్షణకు కన్ఫ్యూషియన్ గ్రంథాలు చెప్పే విద్యాపీఠం పెట్టాడు. క్రీ.శ. 600 ప్రాంతంలో రాతపరీక్షల పద్ధతి మొదలై, 1905లో రద్దయ్యేదాకా సుమారు 1300 ఏళ్ళు నడిచింది. ఊళ్ళో, జిల్లాలో, రాష్ట్రంలో, చివరికి రాజధానిలో మెట్టు మెట్టుగా పరీక్షలు. గెలిస్తే కొలువు. ఆ పద్ధతి గురించి ఐరోపా వాళ్ళు మెచ్చుకుంటూ రాశారు. బ్రిటన్‌లో ఉద్యోగాలకు పోటీ పరీక్షలు పెట్టాలా వద్దా అన్న చర్చల్లో చైనా పేరు వినిపించింది. 1855లో ఇండియన్ సివిల్ సర్వీసుకు పోటీ పరీక్ష వచ్చింది. ఇవాళ విజయవాడలో గదులు అద్దెకు తీసుకుని గ్రూప్–1కూ సివిల్స్‌కూ చదువుతున్న పిల్లలు తెలియకుండానే ఆ వంశంలో చేరినవాళ్ళే. ఒక తేడా మాత్రం చెప్పుకోవాలి. చైనా పరీక్ష ఎంత న్యాయంగా జరిగినా ఆ గదిలోకి ఆడవాళ్ళను రానివ్వలేదు. ప్రతిభకు పెట్టే పరీక్షలో ఎవరు కూర్చోవాలో ముందుగా ఎవరో నిర్ణయిస్తారు. ఆ నిర్ణయంలోనే సగం ఫలితం తేలిపోతుంది.

కన్ఫ్యూషియస్ సంప్రదాయంలో పరీక్షల గొప్ప అందరూ చెబుతారు. దానికంటే గొప్పదని నాకు తోచేది ఇంకొకటుంది. తప్పు చేస్తున్న పాలకుడి మొహం మీదే ఆ మాట చెప్పడం. అది సాహసం మాత్రమే కాదు, ఉద్యోగ ధర్మం కూడా. అందుకు ప్రత్యేకంగా కొలువులే ఉండేవి. 1566లో హై రుయి అనే అధికారి మింగ్ చక్రవర్తికి, నువ్వు పాలన గాలికొదిలి మందూమాకుల్లో, పూజల్లో పడ్డావని విన్నపం రాశాడు. చావు తప్పదని తెలిసి ముందుగానే శవపేటిక కొని పెట్టుకున్నాడు. జైల్లో వేశారు. కొన్ని నెలల్లో చక్రవర్తి చనిపోవడంతో బతికి బయటపడ్డాడు.

కొరియాలో జోసొన్ వంశపు రాజులు ఇంకో ఏర్పాటు చేసుకున్నారు. రాజు చేసే పనులన్నీ రాసేందుకు పక్కనే చరిత్రకారులు. వాళ్ళు రాసింది రాజు చూడకూడదు. 1404లో తెజొంగ్ రాజు వేటలో గుర్రం మీంచి పడి, లేచి చుట్టూ చూసి, ఈ సంగతి చరిత్రకారుడికి తెలియనివ్వొద్దన్నాడు. ఆయన పడ్డ సంగతీ, తెలియనివ్వొద్దన్న సంగతీ రెండూ పుస్తకంలో ఎక్కాయి. మన మంత్రుల వెంట నడిచే కెమెరాలు ఎవరి జీతం మీద నడుస్తున్నాయో గుర్తు చేసుకుంటే ఆ రాజు మీద కాస్త గౌరవం కలుగుతుంది.

మరి లోటు ఎక్కడ? హై రుయి విన్నపం చదివి చక్రవర్తి మారకపోతే ఆ తర్వాత ఏమిటన్నదానికి ఆ సంప్రదాయం దగ్గర రెండే జవాబులున్నాయి. ఒకటి, ఇంకొకడు ఇంకో విన్నపం రాయడం. రెండు, తిరుగుబాటు. మధ్యలో ఏమీ లేదు. 1663లో హువాంగ్ జోంగ్‌షి అనే పండితుడు ఈ ఖాళీని గుర్తుపట్టాడు. పాఠశాలలు పాలన మీద చర్చించే చోట్లు కావాలనీ, చక్రవర్తి కూడా విద్యాపీఠానికి వచ్చి విద్యార్థుల మధ్య కూర్చుని తప్పొప్పులు వినాలనీ రాశాడు. ఆయన రాసింది అచ్చుకు ఎక్కి జనంలోకి వెళ్ళేసరికి చాలా కాలం పట్టింది.

ఉదార ప్రజాస్వామ్యం పుట్టింది సరిగ్గా ఈ ఖాళీలో. ఆ మాటలో రెండు భాగాలున్నాయి. ప్రజాస్వామ్యం అంటే ఓటుతో పాలకుల్ని పెట్టడం, తీసేయడం. ఉదారం అంటే, గెలిచినవాడు కూడా దాటలేని గీతలు: మాట్లాడే హక్కు, పత్రిక నడిపే హక్కు, కోర్టుకెళ్ళే హక్కు, మైనారిటీల రక్షణ. తత్వవేత్త కార్ల్ పాపర్ 1945లో దీన్ని తేటగా చెప్పాడు. పాలించాల్సింది ఎవరు అన్న ప్రశ్నే తప్పుదారి పట్టిస్తుంది, చెడ్డ పాలకుల్ని రక్తం చిందకుండా ఎలా దించాలన్నది అడగాల్సిన ప్రశ్న అన్నాడు. మన డెల్టావాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. కృష్ణమ్మ తల్లి అని పసుపూ కుంకుమా ఇస్తాం, అయినా కాలువకు లాకులు పెట్టకుండా ఊరుకోం.

ఇప్పటి పండితుల దగ్గరికి వద్దాం. చైనాకు చెందిన జియాంగ్ చింగ్ మూడు సభల పార్లమెంటు ఉండాలని రాశాడు. ఒకటి ప్రజలు ఎన్నుకునేది. ఒకటి దేశ చరిత్రకు, సంస్కృతికి ప్రాతినిధ్యం వహించేది. ఒకటి కన్ఫ్యూషియన్ పండితులది. షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే బై తోంగ్‌దోంగ్ 2019లో తెచ్చిన పుస్తకంలో అంత దూరం వెళ్ళలేదు. కింది సభ ఓటర్లది, పై సభ అర్హతను బట్టి ఎంచుకున్నవాళ్ళది కావాలన్నాడు. కెనడావాడైన డేనియల్ బెల్ 2015లో ఇంకో సూత్రం చెప్పాడు. ఊరి స్థాయిలో ఓట్లు, పైస్థాయిలో పరీక్షలూ పనితీరూ చూసి పదోన్నతులు. ముగ్గురి అసంతృప్తీ ఒకటే. ఓటరు తన గడప వరకే చూస్తాడు, ఇంకా పుట్టని పిల్లలకు ఓటు లేదు, పక్కదేశం వాళ్ళకూ లేదు, దూరం ఆలోచించేవాళ్ళు ఎక్కడో ఒక చోట ఉండాలి కదా అని. ఈ మాటలో న్యాయం ఉంది. భూగర్భ జలాల గురించి, చెరువుల ఆక్రమణల గురించి ఏ ఎన్నికల సభలో ఎంతసేపు మాట్లాడతారో మనకు తెలుసు.

ఈ పండితులు కాగితం మీద గీస్తున్న పై సభకు దగ్గరగా ఉన్న ఒక నమూనా మన దగ్గర ఎప్పటినుంచో నడుస్తోంది. దాన్ని మనం పెద్దల సభ అంటాం. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం శాసనమండలిలో పన్నెండో వంతు మందిని పట్టభద్రులు, ఇంకో పన్నెండో వంతు మందిని ఉపాధ్యాయులు ఎన్నుకోవాలి. కళలు, సాహిత్యం, శాస్త్రం, సహకార రంగం, సేవ తెలిసినవాళ్ళను గవర్నరు నియమించాలి. ఆంధ్రప్రదేశ్ మండలిలోని 58 స్థానాల్లో పట్టభద్రులవి ఐదు, ఉపాధ్యాయులవి ఐదు, గవర్నరు నియమించేవి ఎనిమిది. చదువుకు, ప్రతిభకు వేసిన పీటలు ఇవి. మరి ఫలితం ఎలా ఉంది?

ముందుగా ఒక వింత. పట్టభద్రుల స్థానం నుంచి పోటీ చేసే అభ్యర్థి పట్టభద్రుడై ఉండాలా? అక్కర్లేదని 1972లో మద్రాసు పట్టభద్రుల స్థానం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రాజ్యాంగం ఓటరుకు డిగ్రీ అడిగింది గానీ అభ్యర్థికి అడగలేదు. రెండో వింత కౌంటింగ్ హాల్లో కనిపిస్తుంది. ఈ ఎన్నికలో ప్రాధాన్య క్రమంలో 1, 2, 3 అని అంకెలు వేయాలి, అక్కడ ఇచ్చిన పెన్నుతోనే వేయాలి. అంకె బదులు టిక్కు కొట్టేవాళ్ళు, సంతకం పెట్టేవాళ్ళు, ఏదో ఒక మాట రాసి వచ్చేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు. డిగ్రీలున్నవాళ్ళ ఎన్నికలో వేలాది ఓట్లు చెల్లకుండా పోతాయి. నిరక్షరాస్యురాలైన కూలీ అసెంబ్లీ ఎన్నికలో ఈవీఎం మీద మీట నొక్కి, ఓటు వృథా కాకుండా బయటికొస్తుంది.

మూడోది వింత కాదు, అసలు సంగతి. పండితుల సభ పార్టీలకు అతీతంగా దూరదృష్టితో ఆలోచిస్తుందన్నది ఆశ. కృష్ణా–గుంటూరు పట్టభద్రుల స్థానంలో 2019లో పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్) అభ్యర్థి కె.ఎస్. లక్ష్మణరావు గెలిచారు. 2025లో ఆయన మీద తెలుగుదేశం అభ్యర్థి, మాజీ మంత్రి ఆలపాటి రాజేంద్రప్రసాద్ గెలిచారు. ఎవరు మంచి అభ్యర్థి అన్న చర్చ ఇక్కడ వద్దు. ఆ ప్రచారం ఎలా జరిగిందో చూసినవాళ్ళకు, అసెంబ్లీ ఎన్నికకూ దానికీ పెద్ద తేడా కనిపించి ఉండదు. డిగ్రీ ఉన్న ఓటరు కూడా తన పార్టీ, తన ఉద్యోగం, తన కులం చూసుకునే ఓటేశాడు. తప్పేమీ లేదు, అందరూ చేసేదే. చదువు మనిషిని తన గడప దాటిస్తుందన్న కన్ఫ్యూషియన్ పండితుల నమ్మకానికి మాత్రం అది సాక్ష్యం చెప్పదు.

పెద్దల సభ పెద్దరికానికి ఇంకో కథ కూడా ఉంది. 1983 మార్చిలో మండలిలో జరిగిన రభస వార్తకు ఈనాడు "పెద్దల గలభా" అని శీర్షిక పెట్టింది. మండలికి కోపం వచ్చింది. సభాహక్కుల ఉల్లంఘన అంటూ సంపాదకుడు రామోజీరావును సభ ముందు నిలబెట్టాలనుకుంది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, అక్కడ ఆగింది. తప్పు ఎత్తిచూపడమే పెద్దల పని అనుకుంటే, తమ తప్పు ఎత్తిచూపితే ఆ పెద్దలు పట్టుకున్నది శిక్షల దారి. నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు 1985లో మండలినే రద్దు చేయించారు. 2007లో మళ్ళీ పెట్టారు. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లును మండలి సెలెక్ట్ కమిటీకి పంపింది. ఐదు రోజులకే మండలిని రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానించింది. 2021 నవంబరులో ఆ తీర్మానాన్నీ వెనక్కి తీసుకున్నారు. ఆ జనవరిలో మండలి చేసింది, తొందరపడుతున్న పాలకుడి చెయ్యి పట్టుకుని ఆపడం, హై రుయి పనే. కాదనలేం. కానీ ఆపగలిగింది అక్కడున్న పట్టభద్రుల పాండిత్యం వల్ల కాదు. అక్కడ ప్రతిపక్షానికి మెజారిటీ ఉండబట్టి. అంటే పనికొచ్చింది పోటీ, పట్టా కాదు.

అసలు అందరికీ ఓటు ఇవ్వాలన్నప్పుడు ఈ దేశంలో ఈ సందేహం రాలేదా? వచ్చింది. 1935 చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు ఉన్న కొద్దిమందికే ఓటు ఉండేది. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్షరాలు వచ్చినవాళ్ళు నూటికి 18 మంది. అంబేడ్కర్ 1928 నాటికే సైమన్ కమిషన్ ముందు వయోజనులందరికీ ఓటు కావాలన్నారు. రాజ్యాంగ ముసాయిదా కమిటీలో ఉన్న తెలుగువారు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, నెల్లూరు జిల్లాలో పుట్టిన మనిషి, 1949 నవంబరులో సభలో ఈ విషయమే ఎత్తారు. జనంలో ఇంత నిరక్షరాస్యత ఉన్నా సామాన్యుడి మీద నమ్మకంతోనే ఈ నిర్ణయం తీసుకున్నామన్న అర్థంలో మాట్లాడారు. ఆయన విప్లవకారుడేమీ కాదు, పెద్ద లాయరు, జాగ్రత్తపరుడు. అలాంటివాడు ఆ మాట అన్నాడు. పాలకుడి మీద జనానికి నమ్మకం ఉండాలన్నాడు కన్ఫ్యూషియస్. జనం మీద పాలకుడికి నమ్మకం ఉండాలన్నారు అల్లాడి. రెండోది లేకుండా మొదటిది ఎంతకాలం నిలుస్తుందో నాకు అనుమానమే.

ఇక సింగపూర్. మనకు ఆ ఊరి మీద మోజు పాతదే. కృష్ణకు ఆవలి ఒడ్డున అమరావతికి మాస్టర్ ప్లాన్ గీసింది సింగపూర్ వాళ్ళు. స్టార్టప్ ప్రాంతం కట్టడానికి వచ్చిన అక్కడి కంపెనీల కూటమితో ఒప్పందం 2019 నవంబరులో రద్దయింది. ఆ రోడ్లూ ఆ శుభ్రతా కావాలనుకోవడంలో తప్పు లేదు. ఆ నగరాన్ని కట్టిన లీ క్వాన్ యూ 1980ల్లో బడుల్లో కన్ఫ్యూషియన్ నీతి పాఠాలు పెట్టించాడు. ఆసియా విలువలు వేరు, పడమటి ప్రజాస్వామ్యం మనకు అతకదని ప్రపంచమంతా తిరిగి వాదించాడు. 1994లో ఒక అమెరికన్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో, నలభై దాటి కుటుంబం ఉన్న మగవాడికి రెండు ఓట్లుంటే పాలన ఇంకా బాగుంటుందని తన అభిప్రాయం చెప్పాడు. పిల్లల గురించి కూడా ఆలోచించి వేస్తాడు కాబట్టి, అని.

ఆయన సొంత నియోజకవర్గం తాంజోంగ్ పగార్‌లో 1991 నుంచి 2011 దాకా ఐదు సాధారణ ఎన్నికల్లో పోలింగే జరగలేదు, పోటీ లేక. 2017లో అధ్యక్ష పదవికీ అదే జరిగింది. అభ్యర్థికి ఉండాల్సిన అర్హతలు ఎంత బిగించారంటే ఒక్కరే అర్హులని తేలారు, హలీమా యాకూబ్ ఓటింగ్ లేకుండానే అధ్యక్షురాలయ్యారు. దీన్ని మన భాషలో ఏకగ్రీవం అంటాం.

ఏకగ్రీవం మనకూ ముద్దే. ఊళ్ళో పెద్దలు కూర్చుని ఒక పేరు అనుకుంటారు, మిగతావాళ్ళు నామినేషన్లు వెనక్కి తీసుకుంటారు, ఖర్చు లేదు, కక్షలు లేవు. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఏకగ్రీవమైన పంచాయతీకి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. బలవంతపు ఏకగ్రీవాల మీద కన్నేసి ఉంచుతామని ఎన్నికల కమిషనరు నిమ్మగడ్డ రమేశ్ కుమార్ హెచ్చరించారు. ఇద్దరి మాటల్లోనూ ఒక నిజం ఉంది. ఊరు కలిసి ఉండటం మంచిదే. కానీ ఆ పేరు అనుకున్న అరుగు మీద ఎవరు కూర్చున్నారు? ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్ళకు రిజర్వు. ఆ అరుగు మీద సగం మంది ఆడవాళ్ళున్న ఊరు మీకు తెలుసా? దళితవాడ నుంచి ఎవరొచ్చారు? ఇక్కడ కన్ఫ్యూషియస్‌నే సాక్షిగా పిలవొచ్చు. ఉత్తముడు వేరుగా ఆలోచిస్తూనే కలిసి ఉంటాడు, అల్పుడు ఒకేలా తలూపుతాడు గానీ కలవడు అన్న అర్థం వచ్చే బోధ ఆయనది. తలూపుడుకు బహుమతి ఇవ్వమని ఆయన అనడు.

లీ క్వాన్ యూకు జవాబు అదే ఏడాది, అదే పత్రికలో వచ్చింది. రాసింది దక్షిణ కొరియా ప్రతిపక్ష నాయకుడు కిమ్ డే జంగ్. నియంతల కాలంలో మరణశిక్ష పడి బతికి బయటపడ్డ మనిషి. మెన్షియస్‌ను చూపించి, జాన్ లాక్ కంటే ఎంతో ముందే దుర్మార్గపు రాజును దించవచ్చన్న మాట ఆసియాలో పుట్టిందనీ, సంస్కృతిని సాకుగా చెప్పి ఓటు ఎగ్గొట్టొద్దనీ వాదించాడు. 1998లో దేశాధ్యక్షుడయ్యాడు, 2000లో నోబెల్ శాంతి బహుమతి పొందాడు. కన్ఫ్యూషియస్ మర్యాదలు చైనాలో కంటే గట్టిగా పాతుకున్న దేశం కొరియా అంటారు. అక్కడే 1987లో జనం వీధుల్లోకి వచ్చి ప్రత్యక్ష ఎన్నికలు సాధించుకున్నారు. 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక పాలన ప్రకటిస్తే, కొన్ని గంటల్లోనే 190 మంది సభ్యులు పార్లమెంటుకు చేరుకుని దాన్ని రద్దు చేశారు. నాలుగు నెలల తర్వాత రాజ్యాంగ న్యాయస్థానంలోని ఎనిమిది మంది జడ్జీలూ ఒకే మాటగా ఆయన్ను పదవి నుంచి తీసేశారు. ఇదీ ఏకగ్రీవమే. వాదనలన్నీ విన్నాక వచ్చింది.

తైవాన్ ఇంకో దారి చూపించింది. సున్ యత్ సేన్ ఆలోచన ప్రకారం అక్కడి రాజ్యాంగంలో శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలతోపాటు పరీక్షల శాఖ, అధికారుల తప్పులు పట్టే శాఖ కూడా ఉన్నాయి. పాత చైనా నుంచి తెచ్చుకున్నవే ఆ రెండూ. 1996 నుంచి అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకుంటున్నారు. పరీక్ష ఉద్యోగికి, ఓటు పాలకుడికి. ఈ విభజన సరైనదని నా అభిప్రాయం. కలెక్టరుకు పరీక్ష పెట్టండి, ఎంత కఠినంగానైనా. ఎమ్మెల్యేను తేల్చేది మాత్రం కూలీ ఓటు కూడా కలిసిన లెక్క కావాలి.

అందుకే కన్ఫ్యూషియస్ దగ్గర నుంచి మనం తెచ్చుకోవాల్సింది పట్టభద్రుల ఓటు లాంటిది కాదనిపిస్తుంది. పనికొచ్చేది హై రుయి కొలువు, తెజొంగ్ వెంట నడిచిన చరిత్రకారుడి కొలువు. వాటికి మన గడ్డ మీద ఒక చక్కటి రూపం ఇప్పటికే ఉంది. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. 2009లో దానికి ప్రత్యేక సంస్థ పెట్టింది. పద్ధతి తేలిక. మస్టరులో ఉన్న పేర్లూ పనిదినాలూ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి సరిచూస్తారు, ఆ తర్వాత మండల స్థాయి ప్రజావేదికలో అందరి ముందూ చదువుతారు. ఫలానా ఆమె పది రోజులు పనిచేసిందని చదివితే, ఆమె లేచి, నేను ఆరు రోజులే వెళ్ళాను, మిగతా నాలుగు రోజుల డబ్బు ఎవరు తిన్నారు అని అడగొచ్చు. ఆమెకు పట్టా అక్కర్లేదు, శవపేటికా అక్కర్లేదు. ఆ అడగడం రికార్డులో ఎక్కుతుంది, సొమ్ము వసూలుకు ఆధారమవుతుంది. పండితులు రాజు ముందు చేసిన పనిని అక్షరం రాని కూలీ మనిషి అధికారుల ముందు చేస్తుంది.

అయితే ఆ వేదికల్లో లెక్కల కాగితాలు చదివి అర్థం చెప్పేవాళ్ళు తక్కువ. అధికారి ఇంగ్లీషులో రాసిన కొలతల పుస్తకం ముందు పెడితే కూలీలు మౌనంగా ఉండిపోతారు. కంకిపాడు, ఉయ్యూరు, పెనమలూరు మండలాల్లో డిగ్రీలున్నవాళ్ళకు కొదవ లేదు. ఈసారి మీ మండల పరిషత్తు దగ్గర ప్రజావేదిక పెట్టినప్పుడు ఒక పూట సెలవు పెట్టి వెళ్ళండి, కూలీల వరసలో కూర్చోండి, ఆ కాగితం తీసుకుని పైకి చదివి వినిపించండి.